అరువు అనుభవం

శుక్రవారం మధ్యాహ్నం సివిల్స్ ఇంటర్వ్యూ ముగించుకుని ఉదయ్‌కిరణ్ నేరుగా దేశ రాజధానిలోనే ఆర్కేపురంలో ఉన్న భానుమతి వాళ్లింటికి వచ్చాడు. కోటు చేతిమీద వేసుకుని, గుమ్మం దాటి లోపలికి కూడా రాకుండా, "ఆదివారం నేను రాకపోతే ఏమనుకోవద్దాంటీ" అన్నాడు. ఎలా జరిగిందంటే "బాగానే" అన్నాడు. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఒక్క ఆదివారం మానని కుర్రాడు, తీరా పరీక్ష అంతా గట్టెక్కాక రానంటే భానుమతికి మింగుడు పడలేదు. "రాకపోతే నేనే బేర్ సరాయ్ వచ్చి నీ గది తలుపు కొడతాను" అని నవ్వుతూనే గట్టిగా చెప్పి పంపింది.

వచ్చాడు. ఆదివారం అందరికంటే ఆఖర్న వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ, మిగతావాళ్ల చెప్పుల వంక చూశాడు. లోపల ఎవరెవరున్నారో వాటినిబట్టి తెలుసుకుంటున్నాడని భానుమతికి అర్థమైంది.

కూలర్‌కి ముందురోజే కొత్త గడ్డి పెట్టించారు. ముందుగదంతా తడిగడ్డి వాసన. భోజనాల బల్లని అడ్డంగా తిప్పి, వెనక మూడు కుర్చీలు, ఎదురుగా ఒకటి వేశారు. వెనక మధ్య కుర్చీలో భానుమతి భర్త రంగనాథ్. వారమంతా ఏదో మంత్రిత్వ శాఖలో ఫైళ్ల మధ్య కూర్చునే అండర్ సెక్రటరీ, ఆదివారం పూట మాత్రం సివిల్స్ రాసే ఈ పిల్లలకి నమూనా ఇంటర్వ్యూ బోర్డు ఛైర్మన్.

తను చదువుకునే రోజుల్లో, లైబ్రరీ పత్రికల్లో పనికొచ్చే పేజీల్ని కొందరు బ్లేడుతో కోసుకుపోయేవాళ్లని రంగనాథ్ ఇప్పటికీ చెబుతుంటాడు. చదవడానికి కాదు, పక్కవాడికి దొరక్కూడదని. ఆయన ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు, తర్వాత ఇంకో దారిలో ప్రభుత్వంలో చేరాడు. "పక్కవాడి పేజీ కోసుకుపోయేవాడు రేపు జిల్లాని ఏం నడుపుతాడు?" అన్నది ఆయన మాట. అందుకే తన ముందుగదికి ఒక్కటే నియమం పెట్టాడు: ఈ గదిలోకి వచ్చింది అందరిదీ. నోట్సైనా, సలహా అయినా, చేసిన తప్పైనా. ఇంటర్వ్యూ అయినవాళ్లు మళ్లీ ఆదివారానికి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చోవాలి. బోర్డు అడిగిన ప్రతి ప్రశ్న, తాము చెప్పిన ప్రతి జవాబు, తడబడిన చోటుతో సహా వరసగా చెప్పాలి. దాన్ని అప్పజెప్పడం అనేవాళ్లు. కిందటేడు అలా అప్పజెప్పి వెళ్లినవాళ్లు ఇప్పుడు ముస్సోరీలో శిక్షణలో ఉన్నారు.

ఈ ఏడు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది ముగ్గురికి. గుంటూరు నుంచి వచ్చిన ఉదయ్‌కిరణ్‌ది అయిపోయింది. భీమవరం పెద్దిరాజుది వచ్చే నెల. హారికది ఎల్లుండి మంగళవారం. కరీంనగర్ పిల్ల, కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో ఉంటుంది. రాయనిచ్చే నాలుగుసార్లలో ఆమెకిది నాలుగోది. ఈసారి కాకపోతే ఇక లేదు. ఆ సంగతి గదిలో ఎవరూ పైకి అనరు.

"రండి రండి కలెక్టరుగారూ" అన్నాడు పెద్దిరాజు. "తవరొచ్చేదాకా పెసరట్టు వెయ్యనని ఆంటీగారు భీష్మించుకు కూర్చున్నారండి. మా పొట్టలు చూడండి ఒకసారి."

"ఆకలి లేదు రాజూ."

"గుంటూరోడికి ఆకల్లేదంట! కూలరు ఆపండి బాబూ, పిల్లోడికి జొరమొచ్చినట్టుంది."

హారిక నవ్వింది. ఉదయ్ నవ్వలేదు. భానుమతి ప్లేటు తెచ్చి చేతిలో పెడితే అట్టుని ముక్కలు చేశాడు, ఆ ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేశాడు. అల్లప్పచ్చడి ముట్టుకోలేదు. రెండోసారి అడిగి మరీ వేయించుకునే పచ్చడి అది.

"కూర్చో ఉదయ్" అన్నాడు రంగనాథ్, ఎదుటి కుర్చీ చూపించి. "గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టు."

"పెద్దగా ఏం లేదంకుల్. అంతా రొటీనే. మిర్చి యార్డు, సెజ్‌లు, ధరలు..."

"రొటీన్ అంటే ఒప్పుకోను. హారికకి ఎల్లుండే. రూల్ ఈజ్ రూల్."

ఉదయ్ కూర్చున్నాడు. మొదలుపెట్టాక బాగానే చెప్పాడు. అతనికి మంచి జ్ఞాపకశక్తి. ఛైర్మన్ ఏ పదంతో మొదలుపెట్టాడో, ఎక్కడ కళ్లజోడు తీశాడో కూడా చెప్పాడు. మిర్చి ధర రైతుకెంత, కొనేవాడికెంత అన్న ప్రశ్న చెప్పాడు. సెజ్‌ల మీద తను నసిగిన చోటు దాచకుండా చెప్పాడు. హారిక ముందుకి వంగి వింటోంది.

"తర్వాత ఎడమవైపు మెంబరు, తెల్లజుట్టాయన, లీడర్‌షిప్ గురించి అడిగాడు. చెప్పాను. తర్వాత ఛైర్మన్‌గారు చైనాతో మన వ్యాపారం..."

భానుమతి ఖాళీ గ్లాసులు తీస్తున్నదల్లా ఆగింది. అన్నంలో రాయి తగిలినవాడు నలుగురిలో ఉమ్మలేక మింగేసినట్టుంది ఆ 'చెప్పాను' అన్న మాట. అన్ని ప్రశ్నల్నీ అక్షరం పోకుండా చెప్పినవాడు, ఈ ఒక్కదాన్ని ఎందుకు దాటేశాడు?

ఆ అనుమానం హారికకి లేదు. ఆమెకి కావలసింది ప్రశ్న. "ఆగాగు. లీడర్‌షిప్ మీద ఏమడిగిండు?"

"మామూలేనక్కా."

"మామూలంటే ఎట్ల? నాకు ఎల్లుండే ఉన్నది ఉదయ్, సక్కగ చెప్పు."

ఉదయ్ బల్ల అంచు వంక చూస్తూ చెప్పాడు. "ఎవరూ నీ మాట వినని చోట, నలుగుర్నీ కలుపుకుని పని నడిపించిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు."

"అరె!" హారిక ముఖం వెలిగిపోయింది. "అచ్చం నేననుకున్న ప్రశ్ననే! సూడున్రి అంకుల్, నేను చెప్పలే? మరి నువ్వేం చెప్పినవ్? నీ బ్లడ్ డొనేషన్ క్యాంపా?"

"కాదు."

"మరేంది?"

కూలర్ గడగడలాడుతోంది. పెద్దిరాజు నోట్లో ముక్కని నమలడం ఆపాడు.

"హాస్టల్ సంగతి" అన్నాడు ఉదయ్.

"ఏ హాస్టల్?"

ఉదయ్ చూపు ఆమె మీదికి వెళ్లి, మళ్లీ బల్ల అంచుకి దిగింది.

ఆ హాస్టల్ సంగతి గదిలో అందరికీ కంఠతా వచ్చు. హారిక, ఉదయ్ పీజీ చేసింది ఒకే కాలేజీలో. ఆమె రెండో ఏడాదిలో ఉండగా అతను మొదటి ఏడాదిలో చేరాడు. ఆ వర్షాకాలం హాస్టళ్లలో కామెర్లు మొదలయ్యాయి. పేరు పోతుందని వార్డెన్ పిల్లల్ని గుట్టుగా ఇళ్లకి పంపేద్దామన్నాడు. ఆడపిల్లల హాస్టల్ సెక్రటరీగా ఉన్న హారిక గేటుకి అడ్డంగా నిలబడింది. ఈ జబ్బుని మోసుకెళ్లి ఇంట్లో చంటిపిల్లలకి అంటిద్దామా అంది. ఒకరి గిన్నెలో ఒకరు నీళ్లు తాగని రెండు మెస్‌ల పిల్లల్ని ఒకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వంతులేసి నీళ్లు కాయించింది. మొదట్లో ఆమె మాట ఎవరూ వినలేదు. ఒకతె మొహం మీదే తలుపేసింది. ఆ తలుపేసినదానికే హారిక పొయ్యి దగ్గర పెద్దరికం ఇచ్చింది. ఆ తర్వాత కుంటలా నిలిచిన మురుగుని వెతుక్కుంటూ వెళ్లి, ట్యాంకు నుంచి వచ్చే మంచినీళ్ల గొట్టం ఎక్కడ పగిలిందో పట్టుకున్నది కూడా హారికా, ఆ తలుపేసిన అమ్మాయే.

మొదటిసారి ఈ గదిలో చెప్పినప్పుడు, తన రూమ్మేట్ కళ్లు పచ్చబడ్డ సంగతి దగ్గర హారిక ఏడ్చేసింది. భానుమతి వంటింట్లో పోపు మాడ్చుకుంది ఆ రోజు.

"నువ్వు నా హాస్టల్ సంగతి చెప్పినవా?" హారిక గొంతు ఇంకా మామూలుగానే ఉంది. నమ్మలేనివాళ్ల గొంతు అలాగే ఉంటుంది. "నీదని చెప్పినవా?"

"బాయ్స్ హాస్టల్లో జరిగినట్టు చెప్పాను. నీళ్ల ట్యాంకు రెండు హాస్టళ్లకీ ఒకటేగా."

"కామెర్లు కూడా పట్టుకుపోయావేంటి బాబూ?" అన్నాడు పెద్దిరాజు. నవ్వించడానికే అన్నాడు. అన్నాక తనకే వెగటు పుట్టినట్టు ప్లేటు కింద పెట్టేశాడు.

"ఉదయ్, ఇదేమిటి?" రంగనాథ్ కళ్లజోడు తీశాడు. "నీకు సొంతగా ఎన్ని ఎగ్జాంపుల్స్ ప్రిపేర్ చేయించాను?"

"నోటికి రాలేదంకుల్! నిజం. బ్లడ్ క్యాంపు గురించి మొదలుపెడదామనే అనుకున్నా. ఏముందందులో, నాలుగు బ్యానర్లు కట్టి ఫొటో దిగాం. ఆయన మొహంలోకి చూస్తే చాలా పల్చగా అనిపించింది. ఇది మాత్రం గడగడా వచ్చేసింది. ఎన్ని ఆదివారాలు విన్నానో! నేనే చెప్తున్నట్టు కూడా తెలీలేదు, సగం దాకా వచ్చేశాక ఎట్టా ఆపేది?" అతను హారిక వైపు తిరిగాడు. "అయినా అక్కా, ఆ సంగతిని ఎట్టా చెప్పాలో కుదిర్చింది ఎవరు? నువ్వు చెప్తుంటే ట్యాంకు దగ్గరికి రావడానికే పావుగంట పట్టేది. తలుపేసిన అమ్మాయితో మొదలుపెట్టమన్నది నేను. రూమ్మేట్ దగ్గర వచ్చే ఏడుపు తీసెయ్యమన్నది అంకుల్. చివరి మాట రాజుది. తలా ఒక చెయ్యి వేసి చేశాం. ఇక్కడికి వచ్చింది అందరిదీ అని మనమే గదా అనుకున్నాం?"

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. రంగనాథ్ చేతిలోని కళ్లజోడుని బల్లమీద పెట్టేశాడు.

"మాట నేర్పినవ్. ఒప్పుకుంట" అంది హారిక. "ఆ మాటకు నీకు దండం పెడత. మరి ఆ పొయ్యి ఎవరు రాజేసిన్రు? పొగకు కండ్లు మండంగ ఆ గుండిగల పక్కన ఎవరు కూసున్నరు? నువ్వేడున్నవ్ ఉదయ్ అప్పుడు? రెండో రోజే బస్సెక్కి గుంటూరు పోలేదా? కామెర్లు తగ్గినంక, నా దగ్గరికొచ్చి నోట్సు అడగలేదా?"

ఉదయ్ చెవులు ఎర్రబడ్డాయి. "భయమేసింది. చిన్నోణ్ణి అక్కా అప్పుడు."

"గేటు కాడ నిలబడ్డనాడు నేను పెద్దదాన్నా?"

భానుమతి చేతిలో గ్లాసులు అలాగే ఉన్నాయి. ఈ గది గురించి మొగుడు గర్వంగా చెప్పుకుంటుంటే ఆమె కూడా లోలోపల గర్వపడేది. ఒకరికొకరు సాయం చేసుకుని పైకొచ్చే పిల్లలు. ఒక్కటి మాత్రం ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. చేయి చేయి పట్టుకుని ఎంతదూరం నడిచినా, ఆఖరి గది తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికెళ్లాలి. లోపల కూర్చున్నవాళ్లు ఎవరి మార్కులు వాళ్లకే వేస్తారు. ఆ తలుపు దగ్గర ఏది అందరిదో ఏది ఒక్కరిదో, ఈ పిల్లలకి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లు మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు.

రంగనాథ్ తేరుకున్నాడు. ఆఫీసులో చిక్కు ఫైలు వచ్చినప్పటి గొంతు తెచ్చుకున్నాడు. "సరే. జరిగిందేదో జరిగింది. ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. ఎవరికి ఏ బోర్డు పడుతుందో ఆ పూట దాకా తెలీదు. నీకు వేరే బోర్డు రావచ్చు హారికా. ఒకవేళ అదే వచ్చినా, నువ్వు ఇంకో సందర్భం చెప్పు. ఇవాళా రేపూ కూర్చుని తయారు చేద్దాం."

"వేరేది లేదంకుల్ నాకు. అప్లికేషన్ల హాస్టల్ సెక్రటరీ అని రాసిన. వాళ్లు దాన్నే పట్టుకుని అడుగుతరు. ఏం చేసినవమ్మా సెక్రటరీగ అంటే ఏం చెప్పాలె? వినాయక చవితికి చందాలు జమ చేసిన అనా?"

"కాస్త మార్చి చెప్పొచ్చు కదండీ" అన్నాడు పెద్దిరాజు మెల్లగా. "కామెర్లకి బదులు ఇంకోటేదైనా..."

"నా సంగతిని నేను అబద్ధం చేసుకోవాలె! బాగుంది రాజుగారు. దొంగిలించినోడు నిజంలెక్క చెప్పొచ్చిండు, నేను పోయి దొంగలెక్క చెప్పాలె."

ఉదయ్ లేచి నిలబడ్డాడు. "నేను కమిషన్‌కి ఉత్తరం రాసేస్తా. అబద్ధం చెప్పానని."

"కూర్చో" అని కసిరాడు రంగనాథ్. "నీ ఉత్తరం ఎవరి బల్ల మీదికి ఎప్పుడు చేరుతుంది? మంగళవారం లోపు చేరుతుందా? చేరితే వాళ్లు ముందు అడిగేది, నీకూ ఈ అమ్మాయికీ ఏం సంబంధం అని. ఇద్దరూ కలిసి ఆడిన నాటకం అనుకుంటే?"

"ఇంకొక మాట ఉందంకుల్." ఉదయ్ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. "అదే చెప్పలేక ఇవాళ రానన్నాను. ఆ తెల్లజుట్టాయన నేను చెప్పిందంతా విని, 'నేనా రోజుల్లో మీ రాష్ట్రంలో ఆరోగ్య శాఖలోనే ఉన్నాను' అన్నాడు. 'ఈ సంగతి అప్పుడు నా చెవిన పడింది, కానీ దాన్ని నడిపింది ఒక ఆడపిల్ల అని గుర్తు' అన్నాడు."

హారిక కళ్లు ఎత్తింది.

"నువ్వేమన్నావ్?" అన్నాడు రంగనాథ్.

"అవును సార్, ఒకమ్మాయి ఉంది, గర్ల్స్ హాస్టల్ పని చూసుకుంది అన్నాను. నా టీమ్‌లో పనిచేసింది అన్నాను."

హారిక కొట్టినా బాగుండేదేమో. కుర్చీలోంచి లేచి, దుపట్టా సర్దుకుని, సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు రంగనాథ్.

"రూముకు. అంకుల్, నాకు అదే బోర్డు వస్తే ఉన్నదున్నట్టు చెప్త. పొయ్యి నేను పెట్టించిన అని చెప్త. ఉదయ్‌కిరణ్ ఎవరు అంటే, బస్సెక్కి పోయినోడు అని గూడ చెప్త."

"అలా చెబితే అతని సంగతి..."

"మరి నా సంగతో? నాకిదే ఆఖరుది. ఈ గదిల ఒక్కరన్న ఆ ముచ్చట తియ్యలేదు పొద్దటిసంది."

ఆమె గుమ్మం వైపు నడిచింది. అప్పుడు భానుమతి చేతిలో గ్లాసుల్ని బల్లమీద పెట్టి, రంగనాథ్ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. మొగుడు ఆశ్చర్యంగా చూశాడు. ఆమె పట్టించుకోలేదు.

"ఉదయ్, ఇంకా పూర్తిగా అప్పజెప్పలేదు నువ్వు" అంది. "ఒక ఆడపిల్ల చేసిందని గుర్తున్న మనిషి, నా టీమ్‌లో పనిచేసింది అనగానే ఊరుకోడు. ఆ పిల్ల పేరేమిటని అడుగుతాడు. అడిగాడా?"

ఉదయ్ తలూపాడు.

"అడిగాడు ఆంటీ."

"ఏం చెప్పావు?"

"అంత అబద్ధంలో ఆ ఒక్కటైనా నిజం ఉండాలనిపించింది." హారిక వైపు చూడకుండా అన్నాడు. "అక్క పేరే చెప్పాను. ఇంటిపేరుతో సహా."

గుమ్మం దగ్గర హారిక ఆగిపోయింది.

"తర్వాత?" భానుమతి వదల్లేదు. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి కళ్లు అంత నిలకడగా ఉండగలవని ఆ పిల్లలకి అప్పుడే తెలిసింది. "పేరు విని ఊరుకున్నాడా?"

"ఆవిడిప్పుడు ఏం చేస్తోందని అడిగాడు."

"నువ్వు?"

"తనూ పరీక్ష రాసింది సార్, మంగళవారం ఇంటర్వ్యూ అని చెప్పాను. ఆయన నవ్వి, పక్కాయనతో ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదు."

"ఓరి నాయనో" అని నీరసంగా గోడకి ఆనుకున్నాడు పెద్దిరాజు.

అంటే ఆ బోర్డే పడితే, హారిక లోపలికి అడుగుపెట్టకముందే వాళ్లకి ఆమె ఎవరో తెలుసు. ఉదయ్‌కిరణ్ టీమ్‌లో పనిచేసిన అమ్మాయి. తను చేసింది తను చెప్పుకుంటే, నాయకుడి ఘనత కాజేస్తున్న అనుచరురాలు. చెప్పకపోతే ఉత్త అనుచరురాలు. రంగనాథ్ అరచేతులు బల్లమీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నాడు.

హారిక వెనక్కి వచ్చింది. సంచీ గోడవార పెట్టింది. ఉదయ్ పట్టుకున్న కుర్చీ వీపు మీంచి అతని చేతులు తీసేసి, తను ఆ ఎదుటి కుర్చీలో కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఉదయ్, పోయి ఆ ఎడమపక్క కుర్చీల కూసో" అంది. "తెల్లజుట్టాయన జాగల."

"అక్కా, నావల్ల కాదు."

"నీ వల్లనే అయితది. ఆయన కండ్లు చూసినోనివి నువ్వొక్కనివే. ఆయన ఎట్ల అడుగుతడో ఈ గదిల ఇంకెవరికీ తెల్వదు. కూసో."

అతను భానుమతి వైపు చూశాడు. ఆమె కుర్చీ వైపు చూపు తిప్పింది. మరి గతిలేక బల్ల చుట్టూ నడిచి వెళ్లి కూర్చున్నాడు. రంగనాథ్‌కి కుడిపక్క భానుమతి, ఎడమపక్క అతను. ముగ్గురు మనుషుల బోర్డు.

"అడుగు" అంది హారిక. "ఇంగ్లీషులనే అడుగు. మంగళవారం వాళ్లడిగేదే అడుగు. తగ్గించకు."

ఉదయ్ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, ఇంగ్లీషులోనే అడిగాడు. అది అతని గొంతులా లేదు. ఎవరో పెద్దాయన, తీరుబడిగా, కాస్త చిరునవ్వుతో అడిగినట్టుంది.

"మిస్ హారికా, మీ హాస్టళ్లలో కామెర్లు వచ్చినప్పుడు మీరు ఉదయ్‌కిరణ్ కింద పనిచేశారని విన్నాం. ఆయన ఎలాంటి నాయకుడు?"

హారిక అతని కళ్లలోకి సూటిగా చూసి, ఉన్నదున్నట్టు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.